పార్సిల్ గౌను

1954 జూన్ 9, బుధవారం

మా గౌన్ల కంపెనీ యజమాని మొస్యే త్రెమొలా ఊరినుంచి దిగాడు. ప్రతి సీజనుకి ముందూ ఈయనగారు పల్లెలో ఉన్న ఇంటికి పోయి బొమ్మలు గీసుకొస్తాడు. స్నానాల తొట్టిలో పడుకుని గీస్తాడు, మంచమ్మీద పడుకుని గీస్తాడు, తోటలో పడక కుర్చీలో పడుకుని గీస్తాడు. నిలబడి గీయగా చూసినవాళ్ళు లేరు. వచ్చే చలికాలం పారిస్ ఆడవాళ్ళు ఏం తొడుక్కోవాలో, ఎక్కడ బిగించుకోవాలో, ఊపిరి ఎంతవరకు పీల్చుకోవచ్చో, అంతా ఆయన తోలు సంచీలో ఉంటుంది. ఆయన మెట్లెక్కుతుంటే కుట్టుగదుల ఆడపిల్లలు రెయిలింగు పట్టుకుని తొంగి చూశారు, దేవుడి ఊరేగింపు వచ్చినట్టు.

సంచీ ఈసారి పల్చగా ఉంది. నాకు లోపల నవ్వొచ్చింది.

జూన్ 10

పొద్దున్నుంచీ ఆయన గిలుకుళ్ళు తిరగ్గీస్తున్నాను. నా ఉద్యోగం అదే. ఆయన నీలి పెన్సిల్‌తో నాలుగు గీతలు గీకి పారేస్తాడు. వాటిని నేను మంచి కాగితం మీదికి ఎక్కించి, పక్కన గుడ్డ ముక్క గుచ్చాలి. ఎక్కించగానే చిత్తు కాగితాలు ఆయనే పొయ్యిలో వేసేస్తాడు. బయట డిజైన్ దొంగలున్నారట. ఉంటే ఉండనీ, వాళ్ళకైనా కాస్త పని దొరుకుతుంది.

పన్నెండేళ్ళనుంచీ ఇదే. ఆయన గీత నా చేతికి ఎంత పట్టేసిందంటే, పాలవాడికి చీటీ రాసినా అక్షరాలు నడుం బిగించుకుని నిలబడుతున్నాయి. ఆయన బొమ్మల్లో ఆడదానికి ముఖం ఉండదు. తల ఒక కోడిగుడ్డు, పాదం ఒక కామా. ముఖాలు గీయడం రాదని నా అనుమానం. బయటివాళ్ళు దాన్ని శైలి అంటారు.

ఇరవయ్యో ఏట రైలెక్కి ఈ ఊరు వచ్చింది ఇందుకు కాదు. ఒక్క గౌను. నేను ఆలోచించింది, నేను గీసింది, కింద హాల్లో ఆ బంగారు పూత కుర్చీల మధ్య నడవాలి. అంతే నాకు కావాల్సింది. ఇప్పటికీ అదే. రాస్తుంటే నామీద నాకే జాలి పుట్టుకొస్తోంది, ఆపేస్తున్నాను.

జూన్ 11, మధ్యాహ్నం

ఇవాళ ఒళ్ళు మండిపోయింది. కొలతల గదిలో ఒక దొరసాని కొత్త గౌను తొడుక్కుని, చెయ్యి ఎత్తితే చంకలో పట్టేస్తోంది అంది. మా అమ్మకాల ఆవిడ ఏమాత్రం తొణక్కుండా, మదామ్, ఈ గౌనులో చెయ్యి ఎత్తకూడదండీ అంది. ఆ దొరసాని, అవునా, అయ్యో నాకు తెలీదు సుమా అని సిగ్గుపడి చెయ్యి దించేసుకుంది! చెయ్యి ఎత్తినందుకు క్షమాపణ కూడా చెప్పుకుంది, గౌనుకి.

తిరిగొచ్చి, ఒక చేత్తో రొట్టె నములుతూ ఇంకో చేత్తో బొమ్మ గీశాను. ఆ ఆడదాని కోసమే. కాలరు చెవులు దాటి లేచింది, ఎవరి మాటా వినబడకుండా. చేతులు మోచేతుల దాకా ఒంటికి అతుక్కున్నాయి, ఎలాగూ పని చెయ్యదు కాబట్టి. నడుము పిడికిలంత. వెనక మోకాళ్ళ కిందుగా ఇంత పెద్ద రిబ్బను ముడి, రెండంగుళాలకు మించి అడుగు పడకుండా. అత్తగారింటికి పంపే పార్సిల్‌లా తయారైంది. తల కోడిగుడ్డు, పాదం కామా. మొస్యే త్రెమొలా వంద బొమ్మల పిచ్చినంతా పిండి ఒక కాగితం మీద పోశాను. ఇంత కసిగా ఎప్పుడూ గీయలేదు. చేతికి హాయిగా ఉంది.

జూన్ 14, సోమవారం

ఇవాళ బల్ల రోజు. ఈ కంపెనీలో పద్ధతి ఏమిటంటే, బొమ్మలన్నీ పొడుగు బల్లమీద పరుస్తారు. కుట్టుగదుల పెద్దలు ఒక్కొక్కరే వచ్చి తమకు నచ్చింది తీసుకుంటారు. ఎవరూ మాట్లాడకూడదు. అడక్కూడదు, పొగడకూడదు. ఎవరూ తీయకుండా మిగిలిన బొమ్మ చచ్చినట్టే లెక్క. మొస్యే దాన్ని పొయ్యిలో వేస్తాడు, మళ్ళీ దాని ఊసెత్తరు. ఎప్పుడూ రెండో మూడో మిగులుతాయి.

పరిచింది నేనే. నా పార్సిల్‌ని కూడా మధ్యలో పెట్టాను. ఎందుకంటే ఏం చెప్పను? నవ్వుకోవడానికి. అది మిగిలితే ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని, తన మొహం తనే చూసుకుంటాడని. అంత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో.

మెత్తటి గౌన్ల కుట్టుగది పెద్ద మదామ్ ఇర్మా. గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని తిరుగుతుంది, నవ్వాల్సి వస్తుందన్న భయం ఎప్పుడూ లేదు కాబట్టి. ఆవిడది మొదటి వంతు. బల్ల చుట్టూ తిరిగింది. ఆగింది. ఎత్తింది నా పార్సిల్‌ని! కోట్ల కుట్టుగది పెద్ద మొస్యే ఫెలిసియన్ మొహం మాడిపోయింది, దానిమీద ఆయనా కన్నేశాడన్నమాట.

మొస్యే ఆ కాగితం వంక తల వంచి చూసి, ఊఁ, ఇదా, అన్నాడు. గుర్తున్నట్టు!

సాయంత్రం

మార్తెకి చెప్పాను. మా చెల్లెలు టెలిఫోను ఎక్స్ఛేంజిలో పనిచేస్తుంది, రోజంతా ఊళ్ళోవాళ్ళ మాటలు కలుపుతుంది కాబట్టి దేనికీ ఆశ్చర్యపోదు. ఈసారి మాత్రం చెంచా కింద పెట్టింది. ఏమే అక్కా, నీకు మతిగానీ పోయిందా, ఉద్యోగం ఊడగొట్టుకుంటావా అంది. తర్వాత, అయినా అది నీదేగా, పోయి చెప్పు అంది. ఏమని చెప్పను? మొస్యే, మిమ్మల్నీ మీ దొరసానుల్నీ వెక్కిరిస్తూ గీశాను, మీరు గుర్తుపట్టలేదు, బాగుందా అనా?

జులై 6

తెల్లగుడ్డతో నమూనా కుట్టి మోడల్‌కి తొడిగారు. మొస్యే చేతికర్రతో ముడి చూపించి, ఇది స్నానాల తొట్టిలో తట్టిందర్రా అన్నాడు. నీళ్ళు చల్లారిపోయినా లేవలేదట. ఒణుకుతూ గీశాడట. ఇర్మా తల ఊపింది. ఫెలిసియన్ తల ఊపాడు. నేనూ ఊపాను.

అబద్ధం చెబుతున్నాడనుకుంటే అదోరకం. నిజంగానే గుర్తున్నట్టు నమ్ముతున్నాడు. అది ఇంకా అసహ్యం.

జులై 29, గురువారం

షో అయింది.

హాలు కిటకిట. మెట్లమీద కూడా కూర్చున్నారు. పత్రికల ఆడవాళ్ళు విసనకర్రలు ఆడిస్తూ, ఏదీ నచ్చనట్టు మొహాలు పెట్టుకుని. మామూలే. అప్పుడు నా పార్సిల్ వచ్చింది, నల్ల సిల్కులో. ఆ పిల్ల రెండంగుళాల అడుగులు వేస్తోంది, వెనక ఆ ముడి అడుగడుగుకీ అటూ ఇటూ ఊగుతోంది. విసనకర్రలు ఆగిపోయాయి. తర్వాత చప్పట్లు. ఒక ముసలావిడ లేచి నిలబడి, దేవుడా అంది. నేను తెర వెనకనుంచి చూస్తున్నాను. ఇరవయ్యేళ్ళుగా ఇలాగే ఊహించుకున్నాను, గౌను ఒక్కటే వేరు.

మొస్యే వచ్చి వంగి దండం పెట్టి ఏడ్చాడు. ప్రతి సీజనుకీ ఏడుస్తాడు, కానీ ఈసారి కన్నీళ్ళు నిజమైనవి. అందరూ ఆయన బుగ్గలు ముద్దు పెట్టుకున్నారు. నన్నెవరో ఒక పక్కకు జరగమన్నారు, పూలబుట్ట వెళ్ళాలని.

జులై 30

పత్రికలో: ఆడదాన్ని ఇంత లోతుగా ప్రేమించినవాడే ఇలాంటి గౌను గీయగలడట. కాఫీ ముక్కులోకి ఎక్కింది.

సెప్టెంబరు 21

వీధిలో, రెస్టరెంట్ల ముందు, కార్లలోంచి దిగలేక దిగుతూ, ఎక్కడ చూసినా నా పార్సిళ్ళే. డ్రైవర్లు చంకల కింద చేతులు వేసి దించుతున్నారు. నేను ఎంత అవమానించాలనుకుంటే అంత సంబరంగా కొనుక్కుంటున్నారు. నేను వాళ్ళని తిట్టాను, వాళ్ళు ధర చీటీ కూడా చింపకుండా ఆ తిట్టు తొడుక్కున్నారు.

అక్టోబరు 17, ఆదివారం

మార్తె బజారు కొట్లో దాని చౌక నకలు కొనుక్కుంది. అద్దం ముందు తిరిగి తిరిగి, ఎలా ఉందే అక్కా అని అడిగింది. తిడదామని నోరు తెరిచాను. అందంగా ఉంది. కష్టపడే పిల్ల, ఎత్తు భుజాలు, ముడి ఊపుకుంటూ వంటింట్లోకి పోయింది కూర కలపడానికి. వంగలేకపోయింది. కలపడం నేనే కలిపాను.

నా మొదటి గౌను ఇదేనని, ఇంతకంటే రాదని, కూర కలుపుతుంటే ఏడుపొచ్చింది. రానిచ్చాను.

నవంబరు 25, సెయింట్ కేథరిన్ పండగ

పెళ్ళికాని పాతికేళ్ళ పిల్లలందరూ పచ్చా పసుపూ టోపీలు పెట్టుకుని గెంతారు. మొస్యే ప్రతి పిల్లతోనూ నాట్యమాడి నా దగ్గరికొచ్చి, ఉగెట్ నా కుడిచెయ్యర్రా అన్నాడు. ఎవరు ఎవరి చెయ్యో నాకు తెలుసు, షాంపేను తాగి ఊరుకున్నాను.

డిసెంబరు 11

నిర్ణయించుకున్నాను. వసంతకాలం బొమ్మల్లో నా అసలు గౌను పెడుతున్నాను.

బూడిదరంగు ఉన్ని. రిబ్బను ముడులు లేవు. భుజంనుంచి తిన్నగా దిగుతుంది. చెయ్యి ఎత్తొచ్చు, బస్సు ఎక్కొచ్చు, కూర కలపొచ్చు. ఇరవయ్యేళ్ళుగా నా తలలో ఉన్న గౌను. వెక్కిరింపే అంత దూరం పోతే, ప్రేమగా గీసింది ఎంత దూరం పోవాలి? రోజంతా గీశాను, చెరిపాను, గీశాను. ప్రతి గీతా సరిగ్గా ఉంది.

డిసెంబరు 13, సోమవారం, బల్ల రోజు

ఎవరూ తీయలేదు.

ఇర్మా ఆగింది. చేతిలోకి తీసుకుంది. అటూ ఇటూ తిప్పి మళ్ళీ బల్లమీద పెట్టేసింది. ఫెలిసియన్ అయితే చూడనే లేదు. రెండో చుట్టు, మూడో చుట్టు. అన్ని బొమ్మలూ పోయాయి. ఈసారి ఒక్కటే మిగిలింది.

మొస్యే మామూలుగా నవ్వి పొయ్యిలో వేస్తాడు. ఇవాళ వెయ్యలేదు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూశాడు. ఇది గీసింది నేనేనా, అన్నాడు. ఎవరూ మాట్లాడకూడదు కదా, ఎవరూ మాట్లాడలేదు. ఎవడు గీశాడర్రా ఇది, చచ్చినవాడా, అన్నాడు. తప్పేమీ లేదు, తప్పు చెయ్యడానికి కూడా ఓపిక లేనివాడు గీశాడు, అన్నాడు. కాగితం జేబులో పెట్టుకుని, కోటు కూడా వేసుకోకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

నేను నోరు విప్పలేదు. ఆయన కోసం కాదు. నా గౌనుని అన్న ఆ మాటలు నన్ను అన్నట్టే అవుతాయని.

తర్వాత ఇర్మాని మెట్ల దగ్గర పట్టుకున్నాను. ఏం బాగాలేదు అందులో అని అడిగాను. సూదులు తీసి, బాగానే ఉంది, అందులో మనిషి లేదమ్మాయ్ అంది. చలికాలం నల్లగౌనులో ఎంత పొగరు, ఎంత పిచ్చి, వీధిలో చూసినా గుర్తుపడతాను దాన్ని; ఇది హేంగరు కోసం గీసినట్టుంది అంది. మళ్ళీ సూదులు పెట్టేసుకుంది.

డిసెంబరు 16

మొస్యే రావడం లేదు. బల్లమీదనుంచి ఎత్తుకెళ్ళిన బొమ్మలు కూడా ఆపమని కబురు పెట్టాడట. చెయ్యి పోయిందట, వసంతకాలం షో ఉండదట. కుట్టుగదులు నిశ్శబ్దంగా ఉన్నాయి. పిల్లలు వేరే కంపెనీల్లో పని దొరుకుతుందేమోనని చెవులు కొరుక్కుంటున్నారు. ఇర్మా ఇవాళ పొద్దున్న ఖాళీ బల్లకి ఇస్త్రీ చేసింది. నిజంగానే, ఉత్త బల్లకి.

ఒక్క కాగితం. ఇంత పెద్దమనిషి ఒక్క కాగితానికి కూలిపోయాడు. పూచికపుల్ల.

మార్తె అంది, పూచికపుల్ల మీద వందలమంది అన్నం తింటున్నారక్కా, రేపు పోయి చెప్పెయ్ అని.

డిసెంబరు 17, శుక్రవారం

వెళ్ళాను. చెప్పాను. ఇప్పుడే వచ్చాను, కోపం ఇంకా దిగలేదు.

ఆయన డ్రెస్సింగ్ గౌనులో, గడ్డం పెరిగి, ఉడకబెట్టిన గుడ్డు ముందు కూర్చుని ఉన్నాడు. గుడ్డు పెంకు కొట్టే ఓపిక లేనట్టు దాన్నే చూస్తున్నాడు. ఆ బొమ్మ టీపాయ్ మీద ఉంది. కూర్చోకుండానే చెప్పేశాను. మొస్యే, అది మీరు గీసింది కాదు, నేను గీశాను అని. తలెత్తి చూశాడు. కళ్ళు తడిసాయి. అన్నీ నువ్వేగా గీసేది ఉగెట్ అన్నాడు.

కాదు మొస్యే, దీనికి మీ చిత్తు లేదు, నేనే ఆలోచించాను అన్నాను. నల్ల సిల్కు గౌను కూడా నాదే అన్నాను. నా చెయ్యి పట్టుకున్నాడు. ఎంత మంచిదానివమ్మా, ఈ ముసలాణ్ణి ఓదార్చడానికి ఇంత అబద్ధమా, అన్నాడు. నీలి పెన్సిల్ లాక్కుని ఆయన ముందే పార్సిల్ గౌను గీశాను, ముడితో సహా, ఒక్క గుక్కలో. పక్కన బూడిదరంగుదీ గీశాను. రెండూ తీసుకుని చూసి తల ఊపాడు. అచ్చం అన్నాడు. పన్నెండేళ్ళలో ఎంత బాగా నేర్చుకున్నావ్, నేనే పోల్చుకోలేను అన్నాడు.

అప్పుడు నాకు కళ్ళు కనబడలేదు. నెత్తికెక్కింది. కోటు తీసి కుర్చీమీద విసిరేశాను. లోపల వేసుకున్నది అదే, ఆ బూడిదరంగు గౌనే. ఎన్నేళ్ళకిందటో నా చేత్తో నేను కుట్టుకున్నది, మోచేతుల దగ్గర అరిగిపోయింది, ఇంత మంచిది నా దగ్గర ఇంకోటి లేదు కాబట్టి వేసుకెళ్ళాను. చెయ్యెత్తి తిట్టడం మొదలెట్టాను. ఏం తిట్టానో అంతా గుర్తులేదు. మీకు ఆడది కనబడదు మొస్యే, నడుము కనబడుతుంది అన్నాను. మీ తొట్టినీళ్ళలో మీరు చచ్చినా ఒక్క దొరసానీ గుర్తుపట్టదు, మీకు మొహం గీయడం రాదు, మీకు ఎవరి మొహమూ ఎప్పుడూ అక్కర్లేదు అన్నాను. మీ గీత అరిగిపోయి, నా చేతిలో పడి, నా గీత కూడా పాడైంది, ఇప్పుడు నా గౌను గీసుకుందామన్నా కోడిగుడ్డే వస్తోంది అన్నాను. మీ పిచ్చి ముడులనీ మీ ఏడుపులనీ మోసి మోసి చచ్చాను అన్నాను. పక్కగదిలోంచి పనిమనిషి తొంగి చూసి తలుపు మూసుకుంది.

ఆయన వినడం లేదు. చూస్తున్నాడు. కదలకు అన్నాడు. ఆ చెయ్యి మళ్ళీ ఎత్తు అన్నాడు. నేను గీసిన కాగితం వెనక్కి తిప్పి, నీలి పెన్సిల్ తీసుకుని, లేచి నిలబడ్డాడు. ఆయన నిలబడి గీయడం చూశాను. నేను తిట్టడం ఆపలేదు, ఆయన గీయడం ఆపలేదు. తిట్టు ఊ, భుజం అలా ఉంచు, ఏమన్నావు నన్ను, మళ్ళీ అను, అంటున్నాడు.

అయ్యాక చూపించాడు. చెయ్యి పోలేదు ఉగెట్, చూశావా, చెయ్యి పోలేదు అని ఎగిరి గంతేశాడు. గుడ్డు కింద పడింది.

నా గౌనే. ప్రతి మడతా నాదే. ఆయన గీసేసరికి అది ఊపిరి పీలుస్తోంది. నేను ఎన్నాళ్ళు చెరిపి గీసినా రానిది, నన్ను చూసి, నా తిట్లు తింటూ, గుడ్డు చల్లారేలోపు గీసి పారేశాడు. సిగ్గులేని మనిషి. చచ్చేంత అసూయ వేసింది. మెట్లు దిగుతూ అది ఎంత బాగుందో తలుచుకుని రెయిలింగు పట్టుకుని నిలబడిపోయాను.

డిసెంబరు 20

మళ్ళీ బల్ల పరిచాం. దాన్ని నేను తిరగ్గీయనన్నాను. ఆయన చేత్తో గీసిందే పెట్టాం. ఇర్మా వంతు రాకముందే వచ్చి ఎత్తుకుపోయింది.

1955 ఫిబ్రవరి 3

పత్రికలో బొమ్మ వేశారు. బూడిదరంగు గౌను, త్రెమొలా అని రాసి ఉంది. తల మామూలుగానే కోడిగుడ్డు. మార్తె పొద్దున్నే కాఫీ తాగుతూ పేజీ తిప్పి, ఏమే అక్కా, ఇందులో నువ్వెవర్ని తిడుతున్నావే అంది.